సైకిలు భత్యం

మార్నిక్స్ కారును కాలువ వంతెన పక్కన పాప్లర్ చెట్ల చాటున ఆపి, లైట్లు ఆర్పి కూర్చున్నాడు. ఫ్లాస్కులో కాఫీ ఉంది. ఒళ్ళో బైనాక్యులర్స్ ఉన్నాయి. పట్టుకోవలసిన దొంగ ఇంకా రాలేదు.

దొంగంటే ఉప మేయరు వానెస్. సైకిలు మీద పనికి వచ్చేవాళ్ళకు ఆ ఊరి మునిసిపాలిటీ కిలోమీటరుకింతని భత్యం ఇస్తుంది. దాని మీద పన్ను లేదు. పన్ను పడని హద్దు ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా భత్యాన్ని పెంచి తీరాలని వానెస్ పట్టు. డబ్బెక్కడిదయ్యా అంటే, పొలాల దారికి తారు వేయడానికి అట్టే పెట్టింది ఉందిగా అంటాడు.

ఆ దారి పక్కనే మార్నిక్స్ పొలం. చక్కెర దుంపల బండి ఆ గుంతల్లో పడి లేచి ఫ్యాక్టరీకి చేరేసరికి ముప్పాతిక వంతే మిగులుతుంది. మిగతావి దారి పొడుగునా కాలవలో. అతను కౌన్సిలర్ అయిందే ఆ దారి కోసం. గురువారం ఓటింగు.

"దుంపల్ని హ్యాండిలుకి తగిలించుకుని పొమ్మంటాడేమో," అన్నాడు మొన్న ఇర్మా కాఫీ కొట్లో. అందరూ నవ్వారు.

"నవ్వండి," అంది ఇర్మా గ్లాసులు తుడుస్తూ. "ఓట్లు మాత్రం వాడికే. వానైనా, మంచైనా సైకిలుతోనే వస్తాడు. నీలాగా గడప దిగి కారెక్కే రకం కాదు."

మార్నిక్స్ అనుమానమంతా అక్కడే. వానెస్ తండ్రి సరుకు పడవ నడిపేవాడు. వానెస్ పుట్టింది పడవ మీద, పెరిగింది పడవవాళ్ళ పిల్లల హాస్టల్లో, ఇప్పుడు ఉండేది ఊరికి దూరంగా లాకుల దగ్గర. రోడ్డు మీద ఎప్పుడూ కనిపించడు, కాలువ గట్టున వస్తానంటాడు. భార్య కారులో తెచ్చి ఊరి మొగలో సైకిలుతో సహా దింపిపోతుంటే ఎవరు చూడొచ్చారు? అది కంటపడిందా, భత్యం గోవిందా. దారికి తారు.

మొదటి పొద్దున వాన. వానెస్ వంతెన కింద సైకిలుకి ఆనుకుని, ప్యాంటు కాలికి క్లిప్పుతో, పోస్టు బట్వాడా చేసే ఆవిడతో కబుర్లాడుతూ కనిపించాడు. వాన తగ్గదు, కబుర్లు తెగవు. ఆవుల పాలు తీసే వేళయి మార్నిక్సే వెళ్ళిపోయాడు.

మర్నాడు పడవ పోవడానికి వంతెన పైకెత్తారు. బడి పిల్లల సైకిళ్ళ మధ్య వానెస్, మొహమంతా ఎర్రగా, చెమటతో. పడవవాడికి చెయ్యూపాడు. వంతెన దిగాక పిల్లలందర్నీ ముందు పోనిచ్చి, తను వెనకే నిలబడ్డాడు. మర్యాద తెలిసినవాడేనని మార్నిక్స్ ఒప్పుకోక తప్పలేదు.

ఆ మర్నాడు గొట్టాల కోసం గట్టు తవ్వేశారు. వానెస్ ఒక్క క్షణం చూశాడు. సైకిలెత్తి భుజానికి తగిలించుకున్నాడు. దున్నిన చేలో బురద చిమ్ముకుంటూ పరుగు తీశాడు.

చలికాలం వచ్చిందంటే అలా సైకిళ్ళు మోసుకుని బురదలో పరుగెత్తే పందేలు చూడటానికి, బీరు గ్లాసుతో చలిలో గంటలకొద్దీ నిలబడే ఊరది. మార్నిక్స్ కారు దిగిపోయాడు. చప్పట్లు కొట్టబోయి ఆగాడు. సైకిలు సీటు కొత్తదానిలా మెరుస్తోంది. బూట్లు మాత్రం అడుగులు అరిగిపోయి ఉన్నాయి. సంపాదనంతా సైకిలుకే పెడతాడు కాబోలు, అనుకున్నాడు.

అయినా అనుమానం తీరక లాకుల దాకా వెళ్ళి చూశాడు. బురదలో చక్రాల గీత వానెస్ ఇంటి గుమ్మం దగ్గర మొదలై, గట్టు తవ్విన చోటు దాకా తెగకుండా ఊరి వైపు వచ్చింది.

ఇంటికొచ్చి భార్య లీవాతో చెప్పాడు. చూడలేదని ఊరుకుంటే సరిపోతుందేమో అని కూడా అన్నాడు.

"చూశావుగా," అంది లీవా బంగాళాదుంపలు తరుగుతూ.

గురువారం కౌన్సిల్లో అతని పక్షం వాళ్ళంతా అతని వైపే చూశారు. మార్నిక్స్ లేచాడు.

"కాపలా కాశాను. కారు లేదు. ఎవరూ దింపిపోవడం లేదు. మనిషి ఇంటి దగ్గర్నుంచీ సైకిలుతోనే వస్తున్నాడు. నా కళ్ళతో చూశాను," అని కూర్చున్నాడు.

చేతులు లేచాయి. భత్యం పెరిగింది. తారు పోయింది.

మేయరమ్మ సంబరం పట్టలేక అప్పటికప్పుడే ఇంకోటి ప్రకటించింది. ఆదివారం కొత్త సైకిలు బాట తెరుస్తారు. ముందు వానెస్, వెనక బడి పిల్లలందరూ, ఊరు చుట్టి రావాలి. అందరూ బల్లలు చరిచారు. వానెస్ మొహం తెల్లగా పాలిపోయింది. ఆనందం ఎక్కువైతే కొందరికి అంతే, అనుకున్నాడు మార్నిక్స్.

శనివారం అతను ఇటుక ముక్కలు తెచ్చి గుంతలు పూడుస్తుంటే, వానెస్ సైకిలుతో వచ్చాడు.

"గెలిచావుగా. ఎగతాళి చేయడానికి ఇంత దూరం రావాలా?"

వానెస్ అటూ ఇటూ చూశాడు. "ఈ దారిన ఎవరూ రారు కదా?"

"నీ పుణ్యమా అని ఎవరొస్తారు. నడుములు విరగ్గొట్టుకోడానికా?"

వానెస్ నుదురు తుడుచుకున్నాడు. ఆ రోజు కౌన్సిల్లో మార్నిక్స్ ఒక్క అబద్ధమూ ఆడలేదనీ, అందుకే ఊరంతా ఉండగా అతని దగ్గరికే వచ్చాననీ గొణిగాడు. సైకిలు హ్యాండిలు తెచ్చి మార్నిక్స్ చేతిలో పెట్టాడు.

"నీ దారికి తారు వేయించే పూచీ నాది మార్నిక్స్, నువ్వు మాత్రం వెనకాల సీటు పట్టుకుని, రేపటిలోగా నాకు సైకిలు తొక్కడం నేర్పు."