వద్దన్న పతకం

“పతకం నాకొద్దు గురువుగారూ. ఎన్నిసార్లు చెప్పమంటారు?” తాళంచెవి మీద ఆకురాయి ఆపకుండానే అన్నాడు సిపాయి.

సైన్యం నుంచి వచ్చేసి తాళాల దుకాణం పెట్టుకుని చాలా కాలమైనా, ఊరికి అతనింకా సిపాయే. ఎదురుగా బల్ల మీద కూర్చున్న గురువుగారు ప్రార్థనామందిరం తాళం పట్టుకొచ్చారు. దాని చెవి పోయిన మాట నిజమే గానీ, ఆయన వచ్చిన పని వేరు. రేపటి సన్మానసభలో ప్రసంగం ఆయనదే. సన్మానం చేయించుకోవాల్సినవాడు మాత్రం ససేమిరా అంటున్నాడు.

“కొండ మీద ఒంటరిగా శత్రువుకి ఎదురెళ్లి నేలకూల్చినవాడివి. నీక్కాక ఇంకెవరికిస్తారయ్యా?”

“నేలకూల్చడానికి అతనేమన్నా చెట్టా? మనిషి.”

“ధర్మయుద్ధంలో చంపితే పాపం అంటదు నాయనా.”

“అంటకపోతే ఇన్నేళ్లుగా నేను కడుక్కుంటున్నదేమిటి?”

గురువుగారు గతుక్కుమన్నారు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లకి ఎదురుప్రశ్న ఎప్పుడూ ఇబ్బందే. చూపు గోడ మీదికి తిప్పారు. తాళంచెవుల గుత్తుల మధ్య, అద్దం బిగించిన చిన్న ఫొటో. నవ్వుతున్న ఓ యువతి, చంకలో పసిపాప. ఫొటో మడతలు పడి ఉంది. ఓ మూల గోధుమరంగు మరక.

“టీ ఒలికిందా?”

“కాదు.”

“జేబులో పెట్టుకు తిరిగిన ఫొటోలా ఉందే?”

“అవును. ఎడమ జేబు. సరిగ్గా గుండె మీద.”

గురువుగారి గొంతు మెత్తబడింది. “యుద్ధంలో కూడా వదల్లేదన్నమాట! పాప నడవడమైనా చూశావా?”

“లేదు.”

“ఇప్పుడెక్కడున్నారు?”

“తెలీదు. చాలా వెతికాను. దొరకలేదు.”

గురువుగారికి పట్టు చిక్కింది. “ఇలాంటివాళ్లు చల్లగా ఉండాలనే గదయ్యా పోరాడావు! వీళ్ల ముఖం చూసైనా రా.”

సిపాయి ఆకురాయిని బల్ల మీద ఠపీమని పెట్టాడు. “వీళ్ల ముఖం చూసే రానంటున్నాను.”

“నీమీద అంత కోపమా వాళ్లకి?”

“ఉండాలి. లేకపోతే అన్యాయం.”

“దేవుడు నిన్నెప్పుడో క్షమించాడు నాయనా. నా మాట నమ్ము.”

“దెబ్బ తిన్నది దేవుడా? ఈవిడ! ఈవిడని అడక్కుండా నన్ను క్షమించేయడానికి ఆయనెవరు? ఆయన తరఫున చెప్పడానికి మీరెవరు?” సిపాయి తాళాన్ని దగ్గరికి లాక్కున్నాడు. “పాపం కాదని మీరు సభలో చెప్పేస్తారు. కుర్రాళ్లు చప్పట్లు కొట్టి వెళ్లి తుపాకులు పట్టుకుంటారు. ఆ మాట చెప్పడానికి నన్ను పక్కన నిలబెట్టుకోవద్దు.”

కొత్త చెవిని తాళంలో పెట్టి తిప్పాడు. తాళం తెరుచుకుంది. రెండూ ఆయన చేతిలో పెట్టాడు.

“పెళ్లాంబిడ్డల్ని పోగొట్టుకున్నవాడివి. నిన్ను కదిలించడం నాదే తప్పు,” అంటూ లేచారు గురువుగారు. ఆయన తల వంచుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.

సిపాయి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. గోడ మీంచి ఫొటో తీసి, చొక్కా అంచుతో అద్దం తుడిచాడు.

“మీ ఆయన్ని చంపినందుకు ఇస్తామన్న పతకం వద్దన్నానమ్మా,” అన్నాడు.