చీమ కుట్టినట్టైనా లేదు

"నొప్పేసిందా అత్తయ్యగారూ?" గది తలుపు తెరుచుకోగానే అల్లుడు ఆత్రంగా అడిగాడు.

"చీమ కుట్టినట్టైనా లేదు బాబూ!" అంటూ అత్తగారు పెన్నూ, షుగర్ చూసే మీటరూ తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఆవిడ వెనకే మామగారు బయటికొచ్చి, ఎవరినీ పలకరించకుండా నీళ్ళ కూజా దగ్గరికి వెళ్ళాడు.

అల్లుడికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ పెన్ను రాసేది కాదు, పొడిచేది. షుగర్ చూసుకోడానికి వేలి నుంచి చుక్క నెత్తురు తీస్తుంది. లోపలి సూది ప్రతిసారీ మార్చాలి, పెన్ను మాత్రం ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. స్ప్రింగు తోసినప్పుడు సూది లోపల వణుకుతుందనీ, నొప్పంతా ఆ వణుకుదేననీ అతని వాదన. ఆ వణుకు ఆపడానికి ఓ చిన్న రబ్బరు ఉంగరం అమర్చాడు.

"దాని మీద పెట్టిన శ్రద్ధలో సగం నా ఉంగరం మీద పెడితే బాగుండేది" అని భార్య వీలు దొరికినప్పుడల్లా దెప్పుతూనే ఉంది.

అల్లుడు పనిచేసే కంపెనీలో పెద్దాయన మాత్రం ఒక్క మాటలో తేల్చేశాడు. "ధైర్యవంతులు మెచ్చుకుంటే నాకేం లాభం? సూదంటే హడలిపోయేవాళ్ళ చేత 'నొప్పి లేదు' అనిపించు. లేదంటే నీ పెన్ను అటకెక్కినట్టే."

హడలిపోవడంలో అత్తగారిని మించినవాళ్ళు లేరు. ఆ మధ్య ఆసుపత్రిలో నలుగురు పట్టుకుంటే గానీ నెత్తురివ్వలేదు. కాస్త షుగర్ ఉందని తేలేసరికి రోజూ ఇంట్లోనే చూసుకోమన్నారు. అల్లుడి నెత్తిన పాలు పోసినట్టయింది. పాపం, జబ్బు ఆవిడదైతే సంతోషం ఇతనిది.

"సరే బాబూ. కానీ మీ ముందు పొడుచుకోలేను, సిగ్గూ భయమూ రెండూను. తలుపేసుకుంటాను. తోడుకి మీ మావయ్యగారుంటే చాలు" అందావిడ.

మామగారు నోట్లో నాలుక లేని మనిషి. జీవితమంతా దర్జీ పని చేశాడు. అల్లుడు మొదట్లో ఆయన మీదే పరీక్షిద్దామనుకుని మానుకున్నాడు. సూదిపోట్లు తిని తిని మొద్దుబారిన వేళ్ళవి. గుచ్చుకున్న సంగతి బట్టకి నెత్తురంటితే గానీ ఆయనకే తెలియదు. అలాంటి మనిషి సాక్ష్యం ఎవరికి కావాలి?

"ఒక్క మాట గుర్తుంచుకోండి అత్తయ్యగారూ. ఈ పెన్ను ఒక్కరికే. ఇద్దరు వాడితే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకోవచ్చు."

"ఒట్టు బాబూ! రెండో మనిషి వేలు దానికి తగిలితే అప్పుడడగండి."

పెన్ను బ్రహ్మాండంగా పనిచేసింది. చిక్కల్లా మీటరుతోనే వచ్చింది. దాన్లో అంకె రోజురోజుకీ పైకి పాకుతోంది.

"అమ్మా, నిజం చెప్పు. దొంగచాటుగా స్వీట్లు తింటున్నావా?" కూతురు నిలదీసింది.

"ఒక్క ముక్క నోట్లో వేసుకుంటే నీ మీదొట్టు! నా వాటా కూడా మీ నాన్నకే పెడుతున్నా. పాపం, రోజూ నాకు తోడు కూర్చుంటున్నారు కదా, ఆ మాత్రం పెట్టొద్దూ?"

ఆ సమయానికి మామగారు బుగ్గ నిండా ఆ వాటానే నములుతున్నాడు.

"ఎంత తిన్నా ఒంటికి పట్టదేమిటో ఈయనకి. చొక్కా చూడు, చిలక్కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది" అని అత్తగారు వాపోయింది. మొన్నటికి మొన్న మనవరాలి గౌను కుట్టబోయి, సూదిలో దారం ఎక్కించలేక చతికిలపడ్డాడు. వయసు మీద పడితే చూపు మసకబారదా మరి అనుకుని అందరూ ఊరుకున్నారు.

పెన్ను భవిష్యత్తుని పెద్దాయన తేల్చే రోజు రానే వచ్చింది. అల్లుడు అత్తగారిని ఆఫీసుకి తీసుకెళ్ళాడు. భర్త లేనిదే అడుగు కదపనని ఆవిడ పట్టుబడితే మామగారూ వచ్చి, వరండాలో మంచినీళ్ళ డబ్బా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

లోపల పెద్దాయనా, కంపెనీకి సలహాలిచ్చే డాక్టరమ్మా ఉన్నారు. అల్లుడి రెండేళ్ళ కష్టం ఇప్పుడు అత్తగారి నాలుక చివర వేలాడుతోంది.

"చెప్పండమ్మా, పెన్ను ఎలా ఉంది?" పెద్దాయన అడిగాడు.

"చీమ కుట్టినట్టైనా లేదండీ. ఒక్కనాడు 'అబ్బా' అన్న మాట వినపడితే ఒట్టు!"

"ఇంత భయస్తురాలే ఈ మాటంటే ఇంకేం కావాలి?" పెద్దాయన బల్ల చరిచాడు. అల్లుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

మీటరు తిప్పి చూస్తున్న డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "పెన్ను సంగతి సరే. ఈ అంకెలేమిటమ్మా? ఇంత షుగర్ ఉంటే ఇక మాత్రలు చాలవు. రోజూ ఇంజెక్షన్ వేసుకోవాల్సిందే."

అత్తగారి మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. "ఇంజెక్షనా... నాకా?"

"మరెవరికి? పోనీ, మరోసారి చూద్దాం. మా ముందే ఒక్కసారి పొడుచుకోండి."

అల్లుడు ఉత్సాహంగా కొత్త సూది బిగించి పెన్ను అందించాడు. అత్తగారు చేతులు రెండూ వెనక్కి దాచుకుంది. వరండాలో మామగారు మరో గ్లాసు నీళ్ళు పట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆవిడ తలుపు వైపు చూసింది, డాక్టరమ్మ వైపు చూసింది, ఆఖరికి అల్లుడి వైపు చూసింది.

"మీ మావయ్యగారిని పిలవండి బాబూ, ఇన్నాళ్ళూ పొడిచింది ఆయన వేలినే."