బరువెక్కిన స్టీరింగ్

మరిది కారు కొన్న రోజున కనకదుర్గ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది.

కనకాలపేటలో ఆ రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఇటువైపు తన భర్త లక్ష్మణరావు పాత స్కూటరు. అటువైపు నిన్నటిదాకా మరిది మణిదీప్‌దీ స్కూటరే. రొయ్యల మేత వ్యాపారం కలిసొచ్చి, ఇప్పుడు వాళ్ళ గుమ్మం ముందు తెల్లటి కొత్త కారు నిలబడింది. బానెట్ మీద పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. ఇక తోడికోడలు ప్రియాంక నవ్వు చూడాలి! పళ్ళన్నీ ఆ రోజే మొలిచినట్టు నవ్వుతోంది.

కనకదుర్గకు పిల్లల్లేరు. ప్రియాంకకు రెండేళ్ళ కీర్తి ఉంది. ఇప్పుడు కారు కూడా. దేవుడికి పక్కింటి అడ్రసు తప్ప ఇంకోటి తెలీదా అని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"అక్కా, రండి. ఓసారి కూర్చుని స్టీరింగ్ పట్టుకోండి. వేలితో తిప్పేయొచ్చు," అని పిలిచింది ప్రియాంక.

"పొయ్యి కట్టేసి వస్తానుండు," అంది కనకదుర్గ.

చాలాసేపటికి వచ్చింది. డ్రైవర్ సీట్లో కూర్చుంది. ప్రియాంక లోపలికెళ్ళి ఫోన్ తెచ్చి ఫొటో తీసింది. ఆ ఫొటోలో కనకదుర్గ మొహాన నవ్వన్నదే లేదు. బాగుందని ఒక్క మాటైనా అనకుండా దిగిపోయింది.

ఆ తర్వాతా అంతే. కారు స్టార్టయిన చప్పుడు వినబడితే చాలు, వాకిట్లో ఉన్న మనిషి మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయేది. రమ్మంటే, "నాకు కార్లు పడవు," అనేది. ప్రియాంకకు చిర్రెత్తుకొచ్చేది. కానీ ఏం చేస్తుంది? తను స్కూల్లో టీచరు. పొద్దున వెళితే సాయంత్రం దాకా కీర్తి ఉండేది కనకదుర్గ దగ్గరే. ఆ పిల్ల పెద్దమ్మ చేతి ముద్ద తప్ప తినదు. కనకదుర్గకు కూడా రోజు గడిచేది ఆ పిల్లతోనే.

వానలు పడ్డాక కారు పేచీ పెట్టడం మొదలైంది. ఉన్నట్టుండి మీటర్లో స్టీరింగ్ బొమ్మ వెలిగేది. వెంటనే స్టీరింగ్ బిగుసుకుపోయేది. ఇంజను ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలే. బ్యాటరీ మార్చారు. టైర్లలో గాలి చూపించారు. కాకినాడ షోరూముకు తీసుకెళితే ఆ రోజు ఎండ కాసింది, స్టీరింగ్ బుద్ధిగా తిరిగింది. ఏమీ లేదు పొమ్మన్నారు.

గోడ ఇవతల ఇవన్నీ వింటుంటే కనకదుర్గ కడుపు చల్లబడింది. బాగా అయింది అని పైకే అనుకుంది. మరి ఆ పూట అన్నం ఎందుకు సయించలేదో ఆమెకే తెలియాలి.

ఓ ముసురు రోజున ఎదుర్లంక వంతెన దిగి మలుపు తిరుగుతుంటే స్టీరింగ్ మళ్ళీ బిగుసుకుంది. మణిదీప్ బలంగా తిప్పేలోపే కారు వెళ్ళి రోడ్డు పక్క దిమ్మెకు గుద్దుకుంది. వెనక సీట్లో ఉన్న కీర్తికి నుదురు బొప్పి కట్టింది. ఇంటికి రాగానే కనకదుర్గ పిల్లను లాక్కుని, కన్నతల్లి కంటే పెద్దగా ఏడ్చింది. చేసిందంతా చేసి ఈ నటనొకటి అనుకుంది ప్రియాంక. వాళ్ళమ్మ ఫోన్లో చెబుతూనే ఉంది, నీ తోడికోడలి చూపు మంచిది కాదని.

ఆదివారం ఫరంపేట నుంచి మెకానిక్ ఇన్నయ్యను పిలిపించారు. ఆయన డ్రైవర్ సీటు దగ్గర వెల్లకిలా పడుకుని, స్టీరింగ్ కింద మూత విప్పాడు.

"ఇక్కడో మోటారుంటదండి. కరెంటు అందితేనే అది స్టీరింగ్‌కి సాయం పడుద్ది. అందకపోతే బరువంతా మన చేతుల మీదే," అంటూ చెయ్యి పైకి పెట్టి వెతికాడు. ఏదో తగిలింది. బయటికి లాగాడు.

నల్లగుడ్డ మూట. తడితడిగా ఉంది. విప్పితే కరిగిపోయిన ఉప్పు, కుళ్ళిన మిరపకాయలు.

"ఆయ్, ఇదేనండి. వానాకాలం కదా, ఉప్పు నీరుగారి వైర్ల మీంచి ప్లగ్గులోకి దిగిపోయింది. పిన్నులన్నీ చిలుం పట్టేశాయి. ఎవరో గిట్టనోళ్ళ పనండి ఇది," అన్నాడు ఇన్నయ్య.

"ఆవిడే!" అంది ప్రియాంక. "తొలిరోజు ఇందులో కూర్చుంది ఆవిడేగా!"

"తొందరపడకే, వదిన అలాంటిది కాదు," అన్నాడు మణిదీప్.

ప్రియాంక వినలేదు. మూట పట్టుకుని పక్కింట్లోకి నడిచింది. కనకదుర్గ కీర్తికి పప్పన్నం కలిపి పెడుతోంది. మూటను చూడగానే చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"ఇది పెట్టింది మీరేనా?"

కనకదుర్గ అవునన్నట్టు తలూపింది.

"దీనివల్లే స్టీరింగ్ పాడయింది. నా కూతురు చావు తప్పి బయటపడింది. తెలుసా మీకు?"

కనకదుర్గ మొహం పాలిపోయింది. "దీనివల్లా?" అంది.

"మా కారు చూసి ఓర్వలేకే కదా పెట్టారు?"

అబద్ధమాడదామంటే నోరు రాలేదు. ఎదురుగా కీర్తి ఇంకో ముద్ద కోసం నోరు తెరుచుకుని కూర్చుంది.

"అవునమ్మా. ఓర్వలేకే," అంది కనకదుర్గ.

ఆ పైన ఒక్క మాట విన్లేదు ప్రియాంక. కీర్తిని చంకనేసుకుంది. "రేపట్నుంచి పిల్ల మీ గడప తొక్కదు," అంది. పెద్దమ్మ కావాలని పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా ఆగకుండా వెళ్ళి తలుపేసుకుంది.

కారు మీద తనకున్న ఏడుపు ఆ కారెక్కే కీర్తికి ఎక్కడ తగులుతుందోనని, కారొచ్చిన రోజునే తన దిష్టి తనే తీసి ఆ మూట అక్కడ పెట్టింది కనకదుర్గ.