ఇంటి మనిషి

“మీ కథలో అక్కగారున్నారు కదా, ఆవిడ ఇప్పుడెలా ఉన్నారని అడుగుతున్నారండీ,” అంది పక్కన కూర్చున్న దుబాసీ అమ్మాయి, హాల్లోంచి వచ్చిన ప్రశ్నను తెలుగు చేసి.

రచయితకు ఉసూరుమనిపించింది. విమానాలు మారి ఇంత దూరం వచ్చి, గొంతెండేలా కథ చదివితే, వచ్చిన ప్రశ్న ఇదొక్కటే. అంతకు ముందు మాట్లాడిన కవయిత్రికి హాలంతా కళ్ళు తుడుచుకుంది. తన వంతు వచ్చేసరికి సగంమంది కాఫీకి లేచిపోయారు. మిగిలినవాళ్ళు చెవులకు తగిలించుకున్న యంత్రాల్లో అనువాదం వింటూ మొహమాటానికి తలలూపుతున్నారు.

అమ్మ పోయాక చదువు మానేసి తనను పెంచిన అక్క కథే అతనికి పేరు తెచ్చింది. అక్కకేం, ఇంటి దగ్గర నిక్షేపంలా ఉంది. ఆ మాటే చెప్పబోయాడు. కానీ నిక్షేపంలా ఉన్న మనిషి కోసం ఎవరు కన్నీళ్ళు పెడతారు?

“పోయినేడు పోయింది,” అన్నాడు. “ఈ పుస్తకం చూడకుండానే.”

దుబాసీ అమ్మాయి తర్జుమా చేసి మైకు కిందికి దించింది. ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి పక్కవాళ్ళు, వాళ్ళ వెనకవాళ్ళు. తలుపు దగ్గర కాఫీ కప్పులతో ఉన్నవాళ్ళు కూడా మాటలు ఆపి తలలు వంచారు. రచయితా తల వంచాడు. సముద్రాలు దాటి వెళ్ళి అక్కకెవరు చెబుతారులే అని సర్దిచెప్పుకున్నాడు.

అందరూ కూర్చున్నాక నిర్వాహకురాలు వేదికెక్కింది. ఇంత దుఃఖంలో ఉన్న అతిథికి కాస్త ఊరటగా ఉంటుందంటూ, తాము గుట్టుగా ఉంచిన సంగతి బయటపెట్టింది. అతనికి తెలియకుండా, ప్రచురణకర్త సాయంతో అతని ఇంటి మనిషిని ఒకరిని రప్పించారట. ఏమవుతారన్నది ప్రచురణకర్తకే తెలుసట. ఈ పొద్దున్నే దిగారట.

చివరి వరుసలోంచి ఒకావిడ లేచింది. చలికి ఎవరో ఇచ్చిన కోటు మోకాళ్ళ కిందికి జారుతోంది. కుర్చీల అంచులు పట్టుకుంటూ మెల్లగా నడిచి వస్తోంది.

అక్క.

రచయిత తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. ఈ హాల్లో అనువాదం అక్కర్లేని మనిషి ఆమె ఒక్కతే. తనన్న మాట అన్నట్టే విని ఉంటుంది. విని, అందరితోపాటు తనూ లేచి నిలబడే ఉంటుంది. కాళ్ళ కింది చెక్కల వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆమె వేదిక మీదికి వచ్చి తమ్ముడి మొహంలోకి చూసింది. బడి ఎగ్గొట్టి దొరికిపోయిన రోజుల్లో తను చూసిన మొహమే అది.

“మీరు వీరికి ఏమవుతారండీ?” మైకు అందిస్తూ అడిగింది దుబాసీ అమ్మాయి.

“ఏమీ కానమ్మా,” అంది అక్క. “బాబు చిన్నప్పుడు వాళ్ళింట్లో వంట చేసేదాన్ని.”