ఊపిరి వదిలితే

తెల్లవారుజామున కొత్తపేటలో కరెంటు పోయింది. మాలతి ఫోన్ వెలుతురులో మెట్లెక్కి అష్టాంగ యోగా హాలు తలుపు తోసింది. తాళం తీసే ఉంది. లోపల చీకట్లో ఎవరో యోగసాధనలో లాగా గొంతు బిగించి, బరువుగా ఊపిరి తీస్తున్నారు.

“మధు సార్, ఇయ్యాల జల్ది ఒచ్చిన్రా?”

ఊపిరి చప్పుడు అలాగే సాగింది. సాధనలో మాట్లాడకూడదన్నది సార్ పెట్టిన నియమమే. మాలతి మ్యాట్ పరుచుకుంది. నమస్కారాలు ముగించి, కూర్చుని కాళ్లు చాపి, ముందుకు వంగి పాదాలు పట్టుకుంది. అడుగుల చప్పుడు లేకుండానే రెండు అరచేతులు ఆమె వీపు మీద ఆనాయి. సార్ రోజూ ఇలాగే సరిదిద్దుతారు. ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా ఇంకాస్త కిందికి నొక్కుతారు. కానీ ఈ చేతులు మరీ చల్లగా ఉన్నాయి.

పక్కన ఫోన్ మోగింది. తెర మీద సార్ పేరు. మాలతి వేలు చాచి స్పీకర్ నొక్కింది.

“అమ్మా మాలతీ, బయల్దేరినవా ఏంది? ఇయ్యాల అమావాస్య గదా, మనకు సెలవు. నిన్న చెప్పుడు మర్చిన.”

“మీరు... హాల్ల లేరా సార్?”

ఆ నాలుగు మాటల ఊపిరికే చేతులు ఇంకాస్త కిందికి దిగాయి.

“సైదాబాద్‌ల ఇంట్లనే ఉన్న. రాత్రి తాళమేసే ఒచ్చిన. ఎందుకమ్మా? ఏమైంది?”

మాలతి ఊపిరి బిగబట్టింది. నుదురు మోకాళ్లకు నొక్కుకుపోయింది. ఫోన్‌లో సార్ పిలుస్తూనే ఉన్నారు.

ఆమె చెవి దగ్గర, ఆ బరువైన ఊపిరి కూడా ఆగింది. ఆమె ఎప్పుడు వదులుతుందా అన్నట్టు.