వెనక్కి తిప్పనక్కర్లేని చోట్లు

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను. రాత నెమ్మది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

పడకా వంటగదీ ఉన్న మా మోటార్‌హోమ్ బండిలో సముద్రతీరం వెంట తిరిగొద్దామని మా ఆయన ఫెర్నాన్ మ్యాపు పరిచాడు. ముందుగా కొలియూర్ పేరు పెన్నుతో కొట్టేశాడు.

"కొట్టెయ్యడానికి నాకిష్టమైన ఊరే దొరికిందా?"

"అక్కడ ఇరుకు, ఒడీల్. రివర్స్ చెయ్యాలి."

"ఇన్నేళ్లు ఇంత బండిని బొమ్మలా తిప్పావు. ఇప్పుడు భయమా, ముసలాడా?"

నవ్వలేదు. మిగతా మజిలీలు చూపించాడు. అన్నీ ఒకవైపు వెళ్లి ఇంకోవైపు బయటపడే చోట్లే.

"నీకు రివర్స్ రాదుగా."

"నేనెందుకు నడుపుతాను? నువ్వుంటావుగా!"

దగ్గొచ్చింది. అది ఆగాక అన్నాడు: "వెళ్లేటప్పుడుంటాను. వచ్చేదాకా ఉంటానని డాక్టరు అనలేదు."

జూన్‌లో వెళ్లాం. తిరుగుదారిలో ఒక్కదాన్నే నడుపుకుంటూ వచ్చాను. ఎదురైన మోటార్‌హోమ్‌లవాళ్లు ఎప్పటిలాగే చెయ్యెత్తి పలకరించారు. నేనూ ఎత్తాను.

ఒడీల్ కాబ్రోల్, డెబ్బై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉండేది నార్బొన్‌లో.