అడవి లెక్కపెట్టదు

"మళ్లీ మూడే" అంది టెగన్.

తెర మీద గీత అప్పటిదాకా నిదానంగా పాకుతూ వచ్చి, ఉన్నట్టుండి మూడుసార్లు నిక్కి, మళ్లీ పడుకుంది. అరగంట కిందటా అంతే. శనివారం మధ్యాహ్నం నుంచి ఈ సోమవారం పొద్దుటి దాకా, మధ్యమధ్య ఆగినా, వచ్చినప్పుడల్లా అంతే.

ఆ పరిశోధన కేంద్రానికి పెద్ద అలిస్టర్. కాఫీ కప్పుతో వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"ఏ గొట్టం?"

"అన్నిటికన్నా కిందిది."

టవర్ ఊరికి రెండు గంటల దూరంలో, కొండ మీది యూకలిప్టస్ అడవి మధ్య ఉంది. దానికి కింది నుంచి పై దాకా ఏడు గొట్టాలు. ఒక్కొక్కటీ తన వంతు వచ్చినప్పుడు గాలి పీలుస్తుంది. అడవి ఎంత కార్బన్ డయాక్సైడ్ మింగింది, ఎంత వదిలింది అన్న లెక్క ఆ గాలిలోంచి తేలి ఆఫీసు తెర మీదికి వస్తుంది. కింది గొట్టం నేలకి జానెడు ఎత్తున ఉంటుంది.

"వాన పడింది కదా. తడి నేల ఎక్కువ వదులుతుంది" అన్నాడు అలిస్టర్.

"వదిలితే వదలనీండి. మూడు లెక్కపెట్టి వదలదు కదా. అడవి లెక్కపెట్టదు."

"ఇది మెర్వ్ మాట."

మెర్వ్ పాతికేళ్లు ఆ టవర్‌ని చూసుకున్న మనిషి. మొన్న శుక్రవారమే ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఇప్పుడు ఆయన కుర్చీలో టెగన్ కూర్చుంది. నాలుగేళ్లు వెంట తిప్పుకుని పని నేర్పింది ఆయనే. గొట్టం పీలుస్తోందో లేదో తెలియాలంటే మూతికి పెదవి ఆనించి చూడమన్నది ఆయనే. గీతలో ఏదైనా లెక్క ప్రకారం వచ్చిందంటే అది మిషన్ రోగం, తీసి పారెయ్ పిల్లా అన్నదీ ఆయనే.

వీడ్కోలు రోజు ఆయన సాసేజ్‌లు కాలుస్తూ, తను లేకుండా మీకు వారం గడవదని, తన కోసం మళ్లీ కొండెక్కుతారని అన్నాడు. అందరూ నవ్వారు. టెగన్‌కి నవ్వు రాలేదు. వెళ్లేటప్పుడు ఆయన ఆమె వైపు చూడను కూడా లేదు.

"స్టోర్లో గ్యాస్ సిలిండర్ ఒకటి లేదు, గమనించావా?" అన్నాడు అలిస్టర్. "మిషన్ సరిచూసుకునే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. నిండుది. దానికో టైమర్ తగిలించి గొట్టం పక్కన పెట్టి పోయుంటాడు ముసలోడు. వంతులు నిమిషాలతో సహా తెలిసినవాడు ఇంకెవడున్నాడు?"

"ఆయన అలా చెయ్యడు."

"నువ్వు ఆయన కుర్చీలో కూర్చున్నావమ్మా."

టెగన్ మెర్వ్‌కి ఫోన్ చేసింది. స్విచ్ఛాఫ్. టూవూంబాలో ఉన్న ఆయన అక్కకి చేసింది. వాడింకా రాలేదని, దారిలో కనిపించిన ప్రతి ఏట్లోనూ గాలం వెయ్యందే వాడికి పొద్దుపోదని ఆవిడ అంది.

కొండెక్కి చూద్దామంటే శనివారం సాయంత్రమే వాగు పొంగి దారి తెగింది. శుక్రవారానికల్లా ఏడాది లెక్క పంపాలి. మచ్చ లేకుండా పంపకపోతే టవర్ మూసేస్తారని పైనుంచి ముందే చెప్పారు. టవర్ పోతే టెగన్ ఉద్యోగమూ పోయినట్టే.

ఆమె నిక్కిన చోటల్లా చెరిపేసింది. కారణం రాసే గడిలో 'మిషన్ లోపం' అని రాసింది.

మంగళవారం కూడా చెరిపింది. ఆ రోజు సాయంత్రానికి మూడు కాస్తా రెండయ్యాయి.

"సిలిండర్ అయిపోవచ్చిందిలే" అన్నాడు అలిస్టర్.

బుధవారం అయిపోలేదు. పొట్టిగా, ఎగుడుదిగుడుగా, పొద్దంతా వస్తూనే ఉన్నాయి. చెరిపిన కొద్దీ టెగన్‌కి ఒళ్లు మండింది. నాలుగేళ్లు నాన్నా అని పిలవడం ఒక్కటే తక్కువ. ఆ మనిషి తన మొదటి వారమే ఇలా పాడుచెయ్యాలా?

నాలుగింటికి కింది గొట్టం వంతు వచ్చింది. గీత ఒక్కసారి నిక్కింది. రెండోసారి లేవబోతుండగా ఆమె ఆఫీసులోంచే ఆ గొట్టం కవాటం మూసేసింది.

గీత నేలమట్టమైంది. మళ్లీ లేవలేదు.

'నీ ఆట కట్టింది మెర్వ్' అని ఆయన ఫోన్‌కి మెసేజ్ పెట్టి, ఆ వారంలో మొదటిసారి కడుపునిండా తింది.

శుక్రవారం లెక్క వెళ్లింది. ఇంత శుభ్రమైన లెక్క ఎన్నడూ చూడలేదని పైనుంచి మెచ్చుకున్నారు. టవర్ నిలిచింది.

మళ్లీ సోమవారానికి వాగు తీసింది. టెగన్, అలిస్టర్ కలిసి కొండెక్కారు. వాగు అవతల, అడవి గేటు దగ్గర మెర్వ్ పాత బండి నిలబడి ఉంది.

"చూశావా? ఇక్కడే మకాం పెట్టి ఆడుకున్నాడు" అన్నాడు అలిస్టర్.

"నేను మాట్లాడతాను. మీరు ఇక్కడే ఉండండి."

అనాల్సిన మాటలన్నీ కూడగట్టుకుంటూ ఆమె ఒక్కతే తడి ఆకుల మీద గబగబా నడిచింది. టవర్ కింద మిషన్‌కి బిగించి ఉండే పాత సిలిండర్ ఖాళీది విప్పి పక్కకి పెట్టి ఉంది. నిండుది మాత్రం బిగించి లేదు. ఫెర్న్ మొక్కల్లో అడ్డంగా పడి ఉంది. దాని మీద సుద్దముక్కతో ఆయన రాత.

'టెగన్‌కి. ఏడాది దాకా నువ్వు మొయ్యక్కర్లేదు పిల్లా.'

సిలిండర్ కిందనుంచి రెండు బూట్లు బయటికి వచ్చి ఉన్నాయి. ఆమె మొక్కలు పక్కకి తీసింది.

గొట్టం మూతి ఇంకా ఆయన పళ్ల మధ్యే ఉంది.